లమై డిస్కు ఏరుకున్న మూడు రోజులు

సోమవారం మధ్యాహ్నం ఇంట్లో కంప్యూటర్ టక్కు టక్కుమంది. ఇంకొకరైతే చూరులో బల్లి అనుకుని ఊరుకునేవారు. లమై ఊరుకోలేదు. తింటున్న చెంచాను కంచంలో పడేసి, ఒక్క ఉదుటున వెళ్లి గోడకున్న ప్లగ్గు పీకేసింది.

సేనా పట్టణానికి కాస్త దూరంలో, కాలువ ఒడ్డునున్న మా ఊళ్లో ఆ చప్పుడుకి అర్థం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. పంతొమ్మిదేళ్లు అయుత్తయ దగ్గరి ఫ్యాక్టరీలో హార్డ్ డిస్కులు తయారుచేసింది. డిస్కు లోపల అద్దంలాంటి పళ్లెం ఒకటి గిర్రున తిరుగుతుంది. పాత గ్రామఫోనుకి ఉన్నట్టే దానికీ ఒక ముల్లు. కాకపోతే ఈ ముల్లు పళ్లేన్ని తాకకూడదు, పైన తేలుతూనే చదవాలి. రెండింటికీ మధ్యనుండే సందు మన వేలిముద్ర జిడ్డుకన్నా సన్నం. ఆ ముళ్లను భూతద్దాల యంత్రంలో చూసి ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని తేల్చడం లమై ఉద్యోగం. కళ్లు తప్ప ఏమీ కనపడని తెల్ల ముసుగు వేసుకుని కూచోవాలి, మొహానికి పౌడరు రాయకూడదు, తుమ్మొస్తే బయటికి పరుగెత్తాలి. పక్కనున్న అమ్మాయిలు ఒకటి తిప్పి పంపే చోట ఈవిడ మూడు తిప్పి పంపేది. అందుకని లైనులో అందరూ ‘తిప్పుడు లమై’ అనేవాళ్లు. సూపర్‌వైజరు తల పట్టుకునేవాడు గాని, ఆమె సరేనన్నది మాత్రం ఎన్నడూ వెనక్కి రాలేదు.

నిరుడు ఆ లైను మూసేశారు. చేతిలో ఇంత పెట్టి ఇంటికి పంపారు. అప్పటినుంచి లమైకి కాలు ఒకచోట నిలవదు. కంపెనీ బస్సు వచ్చే వేళకి స్నానం చేసి గేటు దగ్గర నిలబడుతుంది, బస్సు ఆగకుండా పోయాక ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడుస్తుంది. పెళ్లి ఒకటి అయింది గాని అది పగలు షిఫ్టుకీ రాత్రి షిఫ్టుకీ మధ్య ఎక్కడో జారిపోయింది. పిల్లల్లేరు. ఉన్నదల్లా నాన్న. ఆ నాన్న గొంతు ఉన్నది ఇప్పుడు టక్కుటక్కుమన్న ఆ డిస్కులో.

లమై నాన్న ప్లెక్ గురువుగారి గొంతు గురించి మా కాలువల పక్క ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. కుర్రాడు బౌద్ధ దీక్ష తీసుకునే ముందురోజు గుండు కొట్టించుకుని, తెల్ల బట్టలు కట్టుకుని కూచుంటాడు. అప్పుడు వాడి ఖ్వన్‌ని పిలవాలి. మనిషి ఒంట్లో ఉండీ ఉండకుండా, చిన్న బెదురుకే పారిపోయే ప్రాణం అది. పొలాల్లో తిరుగుతుంటే పొలాల్లోంచి, ప్రియురాలి వాకిట్లో తచ్చాడుతుంటే అక్కడినుంచి పేరుపెట్టి పిలిచి, బుజ్జగించి, వాడి ఒంట్లో కూచోబెట్టాలి. నలభై ఏళ్లు ఆ పని చేసింది ప్లెక్ గురువుగారే. తల్లి కడుపులో పడ్డ దగ్గర్నుంచి మొదలుపెట్టి, చనుబాల దాకా వచ్చేసరికి ఎంత రాతిగుండె మేనమామైనా తలగుడ్డతో ముక్కు తుడుచుకునేవాడు. సెలవు దొరికినప్పుడల్లా లమై చిన్న రికార్డరు పట్టుకుని నాన్న వెంట పోయేది. అలా నలభై ఒక్క వేడుకలు పట్టి కంప్యూటర్‌లో దాచింది. రెండేళ్ల కిందట ముసలాయన గొంతులో పుండు లేచింది, ఆస్పత్రిలో సగం గొంతు తీసేశారు. ఇప్పుడాయన మాట్లాడితే చిల్లుపడిన సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు ఉంటుంది.

ఆదివారం లమై చెల్లెలు సుదా కొడుకు కోప్‌కి ఖ్వన్ పిలిచే వేడుక, మర్నాడు దీక్ష. తాత గొంతునే మైకుల్లో వినిపించి వాడి ఖ్వన్‌ని పిలవాలని సుదా నిశ్చయించుకుని, నాలుగు మైకులు మాట్లాడి పెట్టుకుంది.

ప్లగ్గు పీకి లమై తిన్నగా పెరట్లోకి వెళ్లింది. ముసలాయన అరుగుమీద కూచుని అరటాకులు చీల్చుకుంటున్నాడు.

“నాన్నా, నీ పాటలున్న డిస్కు పోయేట్టుంది. ఇప్పుడే రంగ్‌సిత్ వెళ్లి కొత్తది తెస్తాను. సాయంత్రానికల్లా ఎక్కించేస్తాను.”

“ఇవాళేం వారం?” అన్నాడాయన గాలిగొంతుతో.

“సోమవారం.”

“గురువారం ఎక్కించు.”

“గురువారం దాకా అది బతకదు!”

“అది గురువుల పాట అమ్మడూ. గురువులకి నైవేద్యం పళ్లెం పెట్టకుండా, దండం పెట్టకుండా ఒకచోటినుంచి ఇంకోచోటికి మార్చకూడదు. నేను మా గురువు నోట్లోంచి నా నోట్లోకి మార్చుకున్నదీ గురువారంనాడే.”

“నేను రికార్డు చేసినప్పుడు పళ్లెం పెట్టామా?”

“పాడే ముందు నేను పెట్టేవాణ్ణి. నువ్వు ఆ తీగలు తగిలించుకుంటూ చూసుండవు.”

లమైకి ఏడుపొచ్చింది. ఆయన అన్నది అబద్ధం కాదు. పళ్లెం లేకుండా గురువుల విద్య ముట్టుకుంటే మతి చెడుతుందని ఆమె చిన్నప్పటినుంచి విన్నదే. అయినా ఆ మాట నమ్మి ఆగిందని చెప్పను. నాన్న మాట దాటడం ఆమెకు చేతకాదు, అందుకని ఆగింది.

అయితే డిస్కు కొనడానికి ఏ వారమైనా అడ్డులేదు కదా. ఆ మధ్యాహ్నమే వ్యానెక్కి రంగ్‌సిత్ బజారులో మూడో అంతస్తులోని సెంగ్ కొట్టుకి పోయింది. సెంగ్‌కి అరవై దాటాయి, బొజ్జమీద బనియను ఎగేసుకుని ఫ్యాను కింద కూచుంటాడు. లమైని పదేళ్లుగా ఎరుగును.

“ఏది చూపమంటావు లమై? ఇదిగో, ఇదే అందరూ పట్టుకుపోతున్నారు.”

లమై డిస్కు అందుకుని తిరగేసింది. చీటీమీద తయారైన తేదీ చూసి పక్కన పెట్టేసింది.

“ఇది సోంగ్‌క్రాన్ పండగ ముందు వారంలోది అన్నా. వద్దు.”

“పండగ ముందుదైతే?”

“ఆ వారం లైనులో ఎవరి మనసు ముల్లు మీదుంటుంది? అందరికీ ఊరెళ్లే బస్సు టిక్కెట్ల గోలే. కళ్లు ఇక్కడ, మనసు కొరాట్ బస్టాండులో. ఇంకోటి చూపించు.”

ఇంకోటి చూపించాడు. అది పండగ తర్వాతి వారంది. ఆ వారం సగంమంది తాగిన మత్తు దిగక తూగుతుంటారని అదీ వద్దంది. మూడోది నెలాఖరుది. నెలాఖరులో లెక్క సరిపెట్టాలని పరుగులు పెట్టిస్తారు. నాలుగోది పెద్ద వరద తర్వాత యంత్రాలు కడిగి మళ్లీ మొదలుపెట్టిన ఏడాదిది, అట్టలు వెలిసిపోయి ఎన్నాళ్లనుంచో పడివుంది. దాన్ని ముట్టుకోనేలేదు.

“నువ్వు డిస్కు కొంటున్నావా, కూతురికి సంబంధం చూస్తున్నావా?” అన్నాడు సెంగ్. “వంద మంది కొనుక్కెళ్లారు, ఒక్కడూ తేదీ అడగలేదు.”

“వాళ్లు చేసినవాళ్లు కాదుగా.”

“చేసినవాళ్లకి ఇంత అనుమానమైతే ఇక మేమెవర్ని నమ్మాలమ్మా!”

ఖాళీ చేతులతో ఇంటికి తిరిగొచ్చింది. పంతొమ్మిదేళ్లు తప్పులు ఏరిన కన్ను, దానికి ఒప్పు కనపడటం మానేసి చాలా కాలమైందని నా ఉద్దేశం. ఆమెకి ఆ సంగతి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

చావుబతుకుల్లో ఉన్న డిస్కుని ఏం చేయాలో లమైకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. ఏమీ చేయకూడదు. కరెంటు ఇవ్వకూడదు, కదపకూడదు, ఎక్కించుకునే రోజున ఒకే ఒక్కసారి తిప్పాలి. సుదాకి ఫోన్‌చేసి మరీ ఈ ముక్క చెప్పింది. “ఎవరూ ముట్టుకోవద్దు. కోప్‌ని ఆ గదిలోకే రానివ్వకు. ఒక్కో తిప్పు ఒక్కో ఏడాది ఆయుష్షు తీస్తుంది.” చెప్పి ఫోను పెట్టేసి, తిన్నగా ఆ గదిలోకే వెళ్లి తలుపు దగ్గర నిలబడింది.

బతికుందా, పోయిందా?

ఈ ప్రశ్న చెవిలో దూరిన దోమలా ఆమెను పట్టుకుంది. మంగళవారం పొద్దున కంపెనీ బస్సు పోయాక వాకిలి ఊడ్చింది, మళ్లీ ఊడ్చింది, చీపురు గోడకి ఆనించి లోపలికెళ్లి ప్లగ్గు పెట్టింది. టక్, టక్, తర్వాత సన్నగా తిరుగుడు. ఉంది! వెంటనే పీకేసింది. గుండె కుదుటపడింది, ఒక గంటసేపు. చేపల కూర పొయ్యిమీద పెట్టాక మళ్లీ అదే గుబులు. ఇందాక తిప్పినందువల్ల పోయిందేమో? చూడకపోతే ఎలా తెలుస్తుంది? మళ్లీ ప్లగ్గు పెట్టింది. చూసినందుకు తనని తాను తిట్టుకుంది, తిట్టుకున్నందుకు ఇంకోసారి చూసింది. కూర మాడింది.

“ఏం మాడుతోందే?” అన్నాడు ముసలాయన అరుగుమీంచి.

“చేప.”

“నువ్వేమో అనుకున్నా.”

మంగళవారం రెండోసారి రంగ్‌సిత్ వెళ్లింది. ఈసారి సెంగ్ కొత్తరకం డిస్కు ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. అరచేతిలో పట్టేంత ఉంది, బిస్కెట్టంత బరువు లేదు.

“ఇందులో తిరిగేదీ లేదు, ముల్లూ లేదు. కింద పడేసినా ఏమీ కాదు. నీ గోలంతా తీరిపోతుంది.”

లమై దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. “చప్పుడే లేదు.”

“ఉండదు మరి. అదే దాని గొప్ప.”

“చప్పుడు లేకపోతే పోయేముందు నాకెలా తెలుస్తుంది? జబ్బుపడ్డ మనిషి మూలగాలన్నా. మూలుగు వింటే కదా పక్కనున్నవాళ్లు లేచి పరుగెత్తేది.”

“మూలిగితే మటుకు నువ్వేం చేశావు? గురువారం దాకా ఆగాలని నువ్వే అన్నావుగా!”

ఆ మాట సూటిగా తగిలింది. లమై సంచీ భుజాన వేసుకుని వచ్చేసింది. వ్యానులో కూచున్నంతసేపూ మోకాళ్లు ఆడుతూనే ఉన్నాయి. పక్కన కూచున్న ఆవిడ విసుక్కుని సీటు మారింది.

ఆ సాయంత్రం సుదా వచ్చి, “వేలంత పుల్ల ఉంటుంది చూడక్కా, తాళంచెవులకి కట్టుకుంటారు, అందులో ఎక్కించెయ్యి. ఎందుకింత రాద్ధాంతం?” అంది. నాన్న గొంతు తాళంచెవులకి కట్టుకుని తిరుగుతావా అని లమై ఒంటికాలిమీద లేచింది. అక్కాచెల్లెళ్లు అన్నం దగ్గర ఎడమొహం పెడమొహంగా కూచున్నారు. ముసలాయన మాత్రం గంజి తాగుతూ ఇద్దర్నీ చూసి లోపల్లోపల నవ్వుకున్నాడు. ఆయనకి నవ్వు ఎందుకొచ్చిందో అప్పుడెవరికీ తెలియదు.

బుధవారం మధ్యాహ్నానికి ప్లగ్గు పెట్టడం పదోసారి. ఈసారి తిరుగుడు అందుకోవడానికి ఆలస్యమైంది. లమై నాన్న దగ్గరికెళ్లి కాళ్లదగ్గర కూచుంది.

“ఇవాళే చేసేస్తాను నాన్నా. పళ్లెం ఇవాళే పెడతాను. గురువులకి నేను చెప్పుకుంటాను.”

“బుధవారం మంచిది కాదని గుండు కూడా కొట్టరు మన ఊళ్లో. గురువుల పాట కదుపుతావా?” అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

మూడోసారి సెంగ్ కొట్టుకి వెళ్లేసరికి అతను నోరెత్తలేదు. కొట్లో ఉన్న డిస్కులన్నీ బల్లమీద పరిచి, తను కాఫీ తెచ్చుకోవడానికి పోయాడు. లమై ఒక్కొక్కటీ తిరగేసి చూసింది. అడుగునుంచి ఒకటి చేతికొచ్చింది. తన ఫ్యాక్టరీదే. తేదీ చూసి ఆగిపోయింది. లైను మూసేసే ముందు ఆఖరి వారంది.

ఆ వారం ఆమెకు బాగా గుర్తుంది. తెల్ల ముసుగుల్లో అందరూ ఏడుస్తున్నారు, ఎవరు ఏడుస్తున్నారో కళ్లను బట్టి పోల్చుకోవాలి. ముసుగు తడిస్తే బయటికెళ్లి మార్చుకోవాలి కాబట్టి మార్చుకునే గది ముందు వరస కట్టారు. కొందరు ఎలా పోతే ఏమన్నట్టు చేశారు. కొందరు జన్మలో చేయనంత శ్రద్ధగా చేశారు. మరి తను? ఆ వారం తిప్పుడు లమై ఒక్క ముల్లూ తిప్పి పంపలేదు. అన్నీ బాగానే ఉన్నాయో, కళ్లు మసకబారి ఏదీ కనపడలేదో, ఆమెకి ఈనాటికీ తెలియదు.

దాన్ని బల్లమీద పెట్టింది, మళ్లీ తీసింది. ఒళ్లో పెట్టుకుని కాసేపు కూచుంది. ఇంటికి తీసుకుపోవాలనే ఉంది. కాని నాన్న గొంతు అందులో పెట్టే ధైర్యం చాలలేదు. తన చేతిపనిని తనే నమ్మలేకపోయినందుకు సిగ్గుపడింది, కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా.

సెంగ్ తిరిగొచ్చి చూసి, కాఫీ గ్లాసు ఆమె ముందుకి జరిపాడు. “ఇలా కాదు గాని లమై, రెండు కొనుక్కో. వేరువేరు కంపెనీలవి. రెండూ ఒకేరోజు చావవు. అంతకన్నా గొప్ప డిస్కు ఈ భూమ్మీద ఎవడూ చేయలేదు.”

అంత మామూలు మాట ఆమెకి మూడు రోజులుగా తట్టలేదు. వేరువేరు కంపెనీలవి రెండు తీసుకుంది. ఒకటి మే నెల మధ్యది, ఒకటి ఆగస్టుది. పండగలూ లేవు, నెలాఖర్లూ కావు. చీరలు కొన్న పెళ్లికూతురి తల్లిలా గుండెలకి హత్తుకుని వ్యానెక్కింది. ఇంటికొచ్చాక, రేపటికి సిద్ధంగా ఉందో లేదో అని, పదకొండోసారి ప్లగ్గు పెట్టింది.

గురువారం ఉదయం సుదా పళ్లెం తెచ్చింది. అరటిపళ్లు, కొబ్బరికాయ, తమలపాకులు, ఉడకబెట్టిన గుడ్డు, తెల్లగుడ్డ, మల్లెదండ. కంప్యూటర్ ముందు అగరొత్తులు వెలిగించారు. ముసలాయన చేతులు జోడించి గురువుల పేర్లు వరసగా పెదాలతోనే చెప్పుకున్నాడు. లమై రెండు కొత్త డిస్కులూ తగిలించి ప్లగ్గు పెట్టింది.

టక్. టక్. టక్. తిరుగుడు లేదు.

తీసి మళ్లీ పెట్టింది. టక్ అని ఒక్కసారే అని ఊరుకుంది.

లమై నేలమీద కూలబడిపోయింది. “నేనే చంపాను. ముట్టుకోవద్దని ఊరంతా చెప్పి నేనే పదకొండుసార్లు తిప్పాను. బతికుందో లేదో చూసీ చూసీ చంపేశాను నాన్నా!”

ముసలాయన పళ్లెంలో జారిన మల్లెదండ సర్దాడు. తర్వాత, “నువ్వు కాదులే,” అన్నాడు. “నేనే. అది పోవాలనే గురువారం పెట్టాను.”

సుదా చేతిలో అగ్గిపెట్టె కింద పడింది. “ఏంటి నాన్నా నువ్వనేది?”

“ఆ పాటలో ఎవడి పేరుంటుంది? ఎప్పుడో దీక్ష తీసుకున్న దేచా పేరుంటుంది, వాడి అమ్మానాన్నల పేర్లుంటాయి. కోప్ గాణ్ణి కూచోబెట్టి దేచా అని పిలుస్తారా? వాడి ఖ్వన్ గుమ్మందాకా వచ్చి, నన్ను కాదులే అనుకుని వెనక్కి పోతుంది.”

“పేర్లు కోసేసి తన పేరు అతికిస్తానన్నాడుగా కోప్!” అంది సుదా.

“అందుకే చెప్పలేదు నీకు. చెప్తే ఇదిగో, ఇలా కోస్తానంటావు, అతికిస్తానంటావు.” ఆయన ఆయాసపడి ఆగాడు. “నేనిక్కడ చాపమీద నోరు మూసుకుని కూచుంటే, అక్కడ మైకులో నా గొంతు పాడుతుంటే, ఊరంతా ఏడుస్తారు. కోప్ గాడి కోసం కాదు, నా కోసం. బతికుండగానే నాకు దినం చేసినట్టుంటుంది. సోమవారమే ఫక్‌హై ఊరి మనిషితో కబురంపాను. నా శిష్యుడు సమాన్ వచ్చి పాడతాడు.”

లమైకి జీవితంలో మొదటిసారి నాన్నమీద కోపం వచ్చింది. లేచి నిలబడింది.

“ఎవడో వచ్చి పాడుకోనీ. ఆదివారం సంగతి నాకు అక్కర్లేదు. ఆ గొంతు నాక్కావాలి. కోప్ కోసం కాదు, ఊరికోసం కాదు. నాక్కావాలి నాన్నా. నన్నొక్క మాట అడగొచ్చు కదా!”

“నేనున్నాను కదే.”

“ఉన్నావు. గొంతు లేదుగా!”

అనేశాక నాలుక కరుచుకుంది. ముసలాయన మొహం వాడిపోయింది. కాసేపు పళ్లెంలోని అరటిపళ్లను చూశాడు. మెడ దగ్గరి మచ్చ తడుముకున్నాడు. తర్వాత మెల్లిగా, “ఇంకోసారి పెట్టి చూడవే,” అన్నాడు.

“ఇప్పుడు కాదు. వేడెక్కిపోయుంది. ఒక గంట ముట్టుకోకూడదు.”

మూడు రోజుల్లో లమై కదలకుండా కూచున్నది ఆ ఒక్క గంటే. కాలుగాలిన పిల్లిలా తిరిగింది ముసలాయన. గుమ్మందాకా వెళ్లొచ్చాడు, కిటికీ తెరిచాడు, మూశాడు. “అయిందా?” అన్నాడు. “ఇంకా ఎంతసేపు? అయ్యుంటుంది చూడు,” అన్నాడు. పోవాలని తను కోరుకున్నది తన గొంతేనని ఆయనకి అప్పటికిగాని తెలిసినట్టు లేదు.

గంట తర్వాత ప్లగ్గు పెట్టింది. టక్. టక్. తర్వాత, ఎక్కడో దూరంగా వ్యాను స్టార్టయినట్టు, తిరుగుడు అందుకుంది. తెరమీద నలభై ఒక్క పాటల పట్టీ కనపడింది. లమై ఒక్కసారిగా అన్నీ పట్టి కొత్త డిస్కులోకి లాగింది. యంత్రం పట్టీలో మొదటిదాన్ని అందుకుని మెల్లగా ఎక్కించసాగింది. ఒకటి పూర్తయింది. రెండోది సగందాకా వచ్చింది. అప్పుడు లోపల బరబరా గీరుకున్న చప్పుడయింది.

లమై ప్లగ్గు పీకలేదు. ఇక పీకి ప్రయోజనం లేదు. ముల్లు పళ్లెం మీద వాలిన చప్పుడు అది. అది విన్నాక ఏ ఊరి పనివాడూ ఏమీ చేయలేడు. ఆ పళ్లెం మీది పాట ఇప్పుడు పొడి అయి లోపల ఎగురుతుంటుంది.

“ఎన్ని?” అన్నాడు ముసలాయన.

“ఒకటి.”

“ఏది?”

“మొదటిది. రికార్డరు కొన్న కొత్తలో పట్టింది. దేచా దీక్షప్పటిది.”

ముసలాయన ముక్కు తడుముకున్నాడు. “ఆ రోజు నాకు జలుబే.”

“అవును నాన్నా.”

“ముక్కు పూర్తిగా పట్టేసింది. రెండుసార్లు తప్పాను. ఇది కాదే అమ్మడూ, బాన్‌ఫేన్‌లో పాడింది ఉంది చూడు, వానొస్తున్నా ఒక్కరూ లేవలేదు, అది. పోనీ మూపురాల ఎద్దులాయన కొడుక్కి పాడింది. ఇంకొక్కటి రాదా?”

“రాదు.”

అప్పుడు తెలిసింది లమైకి తను చేసిన పని. మూడు రోజులు మూడుసార్లు రంగ్‌సిత్ వెళ్లి, తేదీలు చూసి, చెవి దగ్గర పెట్టుకుని డిస్కు ఏరుకుంది. పాట ఏరుకోవడానికి ఒక్క నిమిషం పెట్టలేదు. ఏది ముందు కావాలో నాన్ననడిగితే ఆయన బాన్‌ఫేన్‌ది చెప్పేవాడు, అది వచ్చేసేది. ఆ మాట పైకి అనేసింది కూడా. అని తల బాదుకుంది. సుదా వచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

“పెట్టు. ఉన్నదే పెట్టు,” అన్నాడు ముసలాయన.

పెట్టింది. ముందు కుక్క మొరిగింది, ఎవరో కుర్చీ లాగారు, తర్వాత ప్లెక్ గురువుగారు తుమ్మారు. ఆ తర్వాత గొంతెత్తారు. ముక్కుతో, బొంగురుగా, మూత పెట్టిన కుండలోంచి వస్తున్నట్టుంది ఆ పాట. అయినా ఆ గొంతే. లమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తల్లి తొమ్మిది నెలలు మోసిన చోట ఎత్తుకోవలసిన పై పలుకు అందక కిందికి జారిపోయింది. ముసలాయన చాపమీదినుంచి ముందుకి వంగి, ఆ జారిన చోట, గాలిగొంతుతో, అసలు ఎక్కడికి వెళ్లాలో అక్కడికి చేత్తో చూపిస్తూ అన్నాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. చెయ్యి మాత్రం సరిగ్గా పైకి వెళ్లింది.

పాట అయిపోయింది. ఆయన కూతురివైపు తిరిగాడు.

“బాగా పాడేవాణ్ణి కదే?”

“పాడేవాడివి నాన్నా.”

“ఇది విన్నవాడు నమ్మడు.”

అబద్ధం చెబుదామన్నా లమైకి నోరు రాలేదు. ముసలాయన పళ్లెం పక్కకి జరిపి, కాళ్లు మడుచుకుని, పాఠం చెప్పేవాడిలా నిటారుగా కూచున్నాడు.

“సరే, మొదటినుంచి పెట్టు. ఎక్కడెక్కడ తప్పానో చెబుతాను, రాసుకో. పెన్సిలేదీ?”

లమై పెన్సిలు కోసం లేచింది.